మాట్లాడుతూ పరుగెత్తడం

పిల్లలూ, ఈ వారం పాఠానికి పుస్తకం, పెన్సిలు చాలవు. బూట్లు కూడా కావాలి. సగం పాఠం ఇంట్లో కూర్చుని చదువుతాం, మిగతా సగం బయట పరుగెత్తుతూ నేర్చుకుంటాం. "పరుగెత్తుతూ తెలుగు నేర్చుకోవడమా?" అని నవ్వకండి. చదివాక మీకే తెలుస్తుంది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను ఆటల టీచర్‌ని కాదు. ఒంగోలులో బీఈడీ చదివాను, రెండేళ్ళ కింద ఇంగ్లండ్ వచ్చాను. ఇప్పుడు ఇల్లు చూసుకుంటూ, మీకు పాఠాలు రాస్తూ ఉంటాను. చిన్నప్పుడు బడిలో ఆటల పోటీలు జరిగితే నేను చప్పట్లు కొట్టే వాళ్ళలో ఉండేదాన్ని. ఇంట్లో పరుగెత్తితే మా అమ్మ ఒక సామెత చెప్పేది: "పరుగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు." అంటే, ఆరాటపడి పెద్దదాని కోసం పరుగులు తీయడం కంటే, ఉన్నదానితో నిదానంగా ఉండడమే మంచిదని. సామెత మంచిదే. కానీ నేను దాన్ని ఇన్నేళ్ళూ ఒక సాకుగా వాడుకున్నాను. (సాకు అంటే ఏమిటో తెలుసా? పని చేయకుండా తప్పించుకోవడానికి చెప్పే కారణం. "కడుపు నొప్పి, బడికి వెళ్ళను" అనడం లాంటిది.)

ఆదివారం పార్కులో

మా ఇంటి దగ్గర పార్కులో ప్రతి ఆదివారం ఉదయం 9 గంటలకు పిల్లల పరుగు ఉంటుంది. దాని పేరు జూనియర్ పార్క్‌రన్. 4 ఏళ్ళ నుంచి 14 ఏళ్ళ దాకా పిల్లలు ఎవరైనా రావచ్చు. దూరం 2 కిలోమీటర్లు. డబ్బు కట్టక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కసారి పేరు నమోదు చేస్తే ఒక బార్‌కోడ్ వస్తుంది. దాన్ని వెంట తీసుకెళ్ళాలి. పరుగు పూర్తి చేయగానే మీ చేతికి ఒక టోకెన్ ఇస్తారు. ఆ టోకెన్నీ, మీ బార్‌కోడ్‌నీ స్కాన్ చేస్తే ఎంతసేపట్లో వచ్చారో తెలుస్తుంది. బార్‌కోడ్ ఇంట్లో మర్చిపోయినా పరుగెత్తనిస్తారు, కానీ మీ పేరు పక్కన సమయం పడదు.

పెద్దవాళ్ళ పరుగు శనివారం, 5 కిలోమీటర్లు. అది ఎలా మొదలైందో వినండి. లండన్‌లో బుషీ పార్క్ అనే పెద్ద పార్కు ఉంది, అందులో జింకలు తిరుగుతుంటాయి. పాల్ సింటన్-హ్యూయిట్ అనే ఆయనకు గాయమై పరుగెత్తలేకపోయారు. స్నేహితులు దూరమైపోతారేమో అనిపించి, "మీరు పరుగెత్తండి, నేను సమయం చూస్తాను" అన్నారు. 2004 అక్టోబరు 2న ఆ మొదటి పరుగుకు వచ్చింది 13 మంది. అప్పట్లో టోకెన్లుగా నట్టూ బోల్టూ మధ్య వేసే ఇనుప వాషర్లు ఇచ్చేవాళ్ళట. (అక్టోబరు 2 గాంధీ జయంతి కదా! ఆ రెంటికీ ఏ సంబంధమూ లేదు గానీ, తారీఖు చూడగానే నాకు సరదా వేసింది.) ఇప్పుడు ఈ పరుగు దక్షిణాఫ్రికా, మలేషియా, అమెరికాల్లో కూడా జరుగుతోంది. పిల్లల పరుగు మాత్రం అన్ని దేశాల్లో లేదు. మీరు పెద్దవాళ్ళతో 5 కిలోమీటర్ల పరుగుకు వెళ్ళి, మీకు 11 ఏళ్ళు నిండకపోతే, మీ పెద్దవాళ్ళు చేయి చాపితే అందేంత దగ్గరలో మీతో పాటే ఉండాలి. అది వాళ్ళ నియమం.

మొదటిసారి ఏం జరిగింది

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. ఒక శుక్రవారం నేను లైబ్రరీ గోడ మీద ఈ పరుగు గురించి చూశాను. ఆదివారం పొద్దున్నే లేపి తీసుకెళ్ళాను. ఏ తయారీ లేదు. పైగా వెళ్ళేముందు రెండు దోసెలు కూడా పెట్టాను, బలం వస్తుందని!

"గో" అనగానే పెద్ద పిల్లలతో పాటు మా అమ్మాయి కూడా బాణంలా దూసుకుపోయింది. మహా అయితే రెండు వందల మీటర్లు. అక్కడ డొక్క పట్టుకుని గడ్డిలో కూలబడిపోయింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళాను. ఏమన్నానో తెలుసా? "లే, లే, అందరూ చూస్తున్నారు" అన్నాను. అప్పటిదాకా నొప్పితో మూలిగిన పిల్ల, ఆ మాటకి ఏడ్చింది. ఆ రోజు మేం పూర్తి చేయకుండానే ఇంటికి వచ్చేశాం. "ఇంక నేను రాను" అంది. దారిలో ఇద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

అక్కడ పసుపు రంగు కోటు వేసుకున్న ఒక పెద్దావిడ, వాలంటీరు, మేం వచ్చేస్తుంటే నాతో ఒక్క సంగతి చెప్పింది. మాట్లాడగలిగినంత మెల్లగా పరుగెత్తాలట. మాట ఆగిపోయిందంటే వేగం ఎక్కువైనట్టట. అంతే. ఈ పాఠం మొత్తం ఆ మాట లోంచే వచ్చింది.

క్రియ దాకా ఊపిరి ఉందా?

ఇప్పుడు కొంచెం వ్యాకరణం. భయపడకండి, చిన్నదే.

ఇంగ్లీషు వాక్యంలో క్రియ తొందరగా వచ్చేస్తుంది. మన తెలుగులో క్రియ సాధారణంగా చివర కూర్చుంటుంది. ఈ వాక్యం చూడండి:

నిన్న సాయంత్రం నాన్న నా పాత సైకిల్ని పక్కింటి వాళ్ళకి...

నాన్న ఏం చేశారు? ఇచ్చారా? అమ్మారా? చూపించారా? చివరి మాట వినేదాకా తెలియదు. క్రియ రాకుండా ఊపిరి అయిపోతే, మీరు అన్ని మాటలు చెప్పినా ఎదుటివాళ్ళకి విషయం అందదు. అందుకే పరుగు వేగం చూసుకోవడానికి తెలుగు వాక్యం చాలా మంచి కొలత. ఒక మామూలు వాక్యం మొదలుపెట్టండి. క్రియ దాకా హాయిగా చెప్పగలిగితే మీ వేగం సరిపోయింది. పాట కూడా పాడగలుగుతున్నారా? అయితే ఇంకొంచెం వేగం పెంచవచ్చు. రెండు మాటలకే రొప్పు వస్తోందా? తగ్గించండి, లేదా నడవండి. నడవడం తప్పు కాదు.

ఇంకో సంగతి. ఈ రెండు వాక్యాలకి తేడా చెప్పండి:

నేను మాట్లాడి పరుగెత్తాను.
నేను మాట్లాడుతూ పరుగెత్తాను.

మొదటి దాంట్లో ముందు మాట్లాడడం అయిపోయింది, తర్వాత పరుగు. రెండో దాంట్లో రెండూ ఒకేసారి. చివర "తూ" వస్తే ఒకే సమయంలో రెండు పనులు జరుగుతున్నట్టు. నవ్వి – నవ్వుతూ. చూసి – చూస్తూ. విని – వింటూ. తిని – తింటూ. (తిని పరుగెత్తితే ఏమవుతుందో మా అమ్మాయిని అడగండి. తింటూ పరుగెత్తడం అసలే వద్దు!) మా అమ్మ చెప్పే సామెతలో కూడా "పరుగెత్తి పాలు తాగే" అని ఉంది, "పరుగెత్తుతూ" అని లేదు. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు.

అయిదు వారాలు

రెండు వారాలు ఆ పార్కు మాట ఎత్తలేదు. తర్వాత ఒక సాయంత్రం, "నువ్వు కూడా పరుగెత్తితే నేను వస్తా" అంది. న్యాయమైన మాటే. బట్టల బీరువాలో అడుగున ఉన్న ట్రాక్ ప్యాంటు తీశాను. బూట్లు కొత్తవి కొన్నాం. బొటనవేలి ముందు ఒక బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి, లేకపోతే గోళ్ళు నొప్పి పెడతాయి. కొత్త బూట్లతో నేరుగా ఆదివారం పరుగుకు వెళ్ళకండి. ముందు ఇంటి చుట్టుపక్కల వేసుకుని తిరగాలి.

మేం వారానికి మూడు సార్లు వెళ్ళాం, మధ్యలో ఒక్కో రోజు విశ్రాంతి. ప్రతిసారీ మొదట అయిదు నిమిషాలు చురుగ్గా నడక. తర్వాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, అలా ఆరు సార్లు. రెండో వారం ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక. మూడో వారం రెండు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక. నాలుగో వారానికి మూడు నిమిషాలు ఆగకుండా వెళ్ళాం. అయిదో వారం కొంచెం తగ్గించాం, కాళ్ళు తేలిగ్గా ఉండాలని. మీ ఇంట్లో పెద్దవాళ్ళు కూడా మొదలుపెట్టాలనుకుంటే, బ్రిటన్ ఆరోగ్య శాఖ వాళ్ళది "కౌచ్ టు 5కె" అని ఒక ఉచిత యాప్ ఉంది. అది 9 వారాలది, మొదటి వారం 60 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడక. ఇన్‌హేలర్ వాడే పిల్లలు మాత్రం ముందు డాక్టరుతో మాట్లాడాలి, పరుగుకు వెళ్ళేటప్పుడు దాన్ని దగ్గర ఉంచుకోవాలి.

నిమిషం ఎలా లెక్కపెట్టాం? వాచీతో కాదు. "ఒకటి, రెండు, మూడు..." అని అరవై దాకా తెలుగులోనే. మా అమ్మాయి పద్దెనిమిది తర్వాత తొమ్మిది అనేసి, మళ్ళీ పది నుంచి మొదలుపెట్టేది. పాపం, ఆ పూట పరుగు ఎంతకీ అయ్యేది కాదు! మూడో రోజుకి "పందొమ్మిది" గట్టిగా నాటుకుపోయింది.

రెండో వారంలో ఒక రోజు జరిగింది చెప్పాలి. మా ఇద్దరికీ పందెం: ఒకళ్ళు వాక్యం మొదలుపెడితే క్రియ దాకా చెప్పాలి. ఆ పూట తను ఇలా మొదలుపెట్టింది: "అమ్మా, లంచ్ టైమ్‌లో నా డబ్బాలో పులిహోర చూసి వాళ్ళందరూ..." అక్కడ ఊపిరి అయిపోయింది.

వాళ్ళందరూ ఏమిటి? అడిగారా? బాగుందన్నారా? నాకూ ఆయాసమే, అడగడానికి నోరు పెగల్లేదు. ఇద్దరం నడక లోకి వచ్చాం. పది అడుగులు వేశాక చెప్పింది.

"...నవ్వారు."

సోమవారం నుంచి ఆ డబ్బా సగం అలాగే తిరిగి వస్తోంది. ఆకలి లేదేమో అనుకున్నాను. ఇంట్లో ఎన్నిసార్లు అడిగినా "ఏం లేదు" అనేది. పక్కపక్కనే నడుస్తుంటే, నా మొహం చూడక్కర్లేదు కాబట్టి కాబోలు, చెప్పింది. నేను కూడా ఒకటి చెప్పాను: వచ్చిన కొత్తలో కొట్లో ఒక మాట నేను పలికిన తీరుకి అక్కడి అమ్మాయి నవ్విందని. "మరి నువ్వేం చేశావ్?" అంది. "ఇంకోసారి చెప్పాను" అన్నాను. ఆలోచిస్తూ కొంచెం దూరం నడిచి, "సరే, ఒకటి నుంచి అరవై" అని మళ్ళీ పరుగందుకుంది. మర్నాడు పులిహోర పెట్టనా అని అడిగితే, పెట్టమంది.

ఒంటి మాటలు

పరుగులో మనకి కావాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. పాదం వెనక భాగం మడమ. పాదం, కాలు కలిసేచోట చీలమండ. మోకాలి కింద వెనక వైపు మెత్తగా ఉండేది పిక్క. మోకాలి పైన తొడ. పక్కటెముకల కింద పక్క భాగం డొక్క.

ఇప్పుడు వీటితో వాక్యాలు: పిక్క పట్టేసింది. చీలమండ బెణికింది. డొక్కలో పొడుస్తోంది. మోకాలు దోక్కుపోయింది. నాకు ఆయాసం వస్తోంది.

గమనించారా? పట్టేసింది పిక్క, బెణికింది చీలమండ. ఆయాసం కూడా ఎక్కడినుంచో మన దగ్గరికి "వస్తుంది". అందుకే "నేను ఆయాసంగా ఉన్నాను" అనకుండా "నాకు ఆయాసం వస్తోంది" అంటాం. ఆకలి, దాహం, నిద్ర, కోపం కూడా అంతే: నాకు ఆకలి వేస్తోంది, నాకు నిద్ర వస్తోంది.

డొక్కలో పొడిస్తే ఆగిపోనక్కర్లేదు. మెల్లగా నడుస్తూ, పొడుస్తున్న చోట చేత్తో నొక్కి, ఊపిరి నిదానంగా వదలండి. సాధారణంగా తగ్గిపోతుంది. పరుగుకు రెండు గంటల ముందే తినేయాలి. అంత పొద్దున్నే తినలేకపోతే ఒక చిన్న అరటిపండు చాలు. చీలమండ బెణికితే మాత్రం ఆపేయాలి, పెద్దవాళ్ళకి చెప్పాలి.

పరుగుకి కూడా ఒకే మాట లేదు. "పరుగెత్తు" అందరికీ తెలుసు. తెలంగాణలో "ఉరుకు" అంటారు. మా వైపు "లగెత్తు" అని కూడా వింటాం. ఎవరైనా భయపడి పారిపోతే "కాలికి బుద్ధి చెప్పాడు" అంటాం. నాకు చాలా ఇష్టమైన మాట ఇది. కాలిని పిలిచి పాఠం చెప్పినట్టు ఉంటుంది!

మీలో కొందరు వేగంగా పరుగెత్తడమే ఇష్టమంటారు. మంచిదే. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ 100 మీటర్ల హర్డిల్స్‌లో 2023లో ఆసియా ఛాంపియన్ అయింది. వరంగల్ జిల్లా కల్లెడ ఊరి అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లను 56 సెకన్ల లోపే పరుగెత్తి కాంస్య పతకం తెచ్చింది. అలాంటి పరుగులో మాట్లాడడం ఎవరివల్లా కాదు. అది వేరే పరుగు, దాని సాధన కూడా వేరు. 2 కిలోమీటర్లు మొదటిసారి వెళ్ళేవాళ్ళకి కావాల్సింది నిదానం.

ఆ ఆదివారం

ముందు రాత్రి బట్టలు, బూట్లు, బార్‌కోడ్ కుర్చీ మీద పెట్టుకుంది. తెల్లారి చూస్తే మబ్బు పట్టి, చినుకులు. వాన వస్తే ఆగిపోతుందేమో అని నేను లోలోపల ఆశపడ్డాను, ఆ మాట తనతో అనలేదు. ఇక్కడ చినుకులకి ఏదీ ఆగదు.

ఒక వాలంటీరు అందరి చేతా గెంతించి, చేతులు తిప్పించి ఒళ్ళు వేడెక్కించింది. పిల్లలతో పాటు పెద్దవాళ్ళు కూడా పరుగెత్తవచ్చు కాబట్టి నేను పక్కనే ఉన్నాను. మొదలవ్వగానే అందరూ గుంపుగా దూసుకుపోయారు. మా అమ్మాయి కాళ్ళు కూడా లాగేస్తున్నాయి. నేను "క్రియ!" అని అరిచాను. అది మా ఇద్దరి రహస్య సంకేతం. తను వెనక్కి తిరిగి, "అమ్మా, నేను మెల్లగానే పరుగెత్తుతున్నాను!" అంది. పూర్తి వాక్యం.

రెండు చుట్లు. మొదటి చుట్టులో బురద, రెండో చుట్టులో ఇంకా ఎక్కువ బురద. మలుపుల దగ్గర నిలబడ్డవాళ్ళు చప్పట్లు కొట్టారు. అంతకుముందు తను కూలబడిన చోటు వచ్చినప్పుడు మాత్రం ఇద్దరం మాట్లాడలేదు. అది దాటాక, "మన వెనక ఎవరైనా ఉన్నారా?" అని మెల్లగా అడిగింది. తిరిగి చూశాను. కొందరు చిన్న పిల్లలు ఉన్నారు, వాళ్ళందరి వెనక టెయిల్ వాకర్ ఉంది. అంటే ఎప్పుడూ అందరికంటే చివర రావడమే పనిగా ఉన్న వాలంటీరు. "ఉన్నారు. చివర రావడానికి ఒకావిడ వేరే ఉంది, ఆ పని నీది కాదు" అన్నాను. మధ్యలో మూడు సార్లు నడిచాం. 18 నిమిషాల 12 సెకన్లు పట్టింది.

ఇంటికి రాగానే ఒంగోలుకి వీడియో కాల్. మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్నోదానివొచ్చావే?"

"ఎనభై మూడు!" అంది గర్వంగా.

"ఎంతమందిలో?"

"ఎనభై ఎనిమిది."

మా అమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "అయితే నీ వెనక అయిదుగురున్నారన్నమాట. పరుగెత్తావు సరే, మరి పాలు తాగావా?"

ఇప్పుడు మీ వంతు

1. ఈ వాక్యాలకి క్రియలు మీరే పెట్టండి. ఒక్కోదానికి రెండు వేర్వేరు క్రియలు రాయండి, అర్థం ఎలా మారిందో చూడండి.
అమ్మమ్మ ఫోన్లో నాకు ఒక కథ...
బస్సులో నా పక్కన కూర్చున్న అబ్బాయి నన్ను చూసి...
నాన్న వర్షంలో గొడుగు...

2. "తూ" వచ్చేలా మార్చండి: పాడి నడిచాను. నవ్వి చెప్పింది. విని రాశారు. నడిచి ఆలోచించాం.

3. మనుషుల్ని లెక్కపెట్టే తీరు వేరు: ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు, అయిదుగురు. మీ ఇంట్లో ఎంతమంది? మీ వీధిలో మీకు పేర్లు తెలిసినవాళ్ళు ఎంతమంది? అక్షరాల్లో రాయండి.

4. మీ అమ్మమ్మనో తాతయ్యనో, నాయనమ్మనో అడగండి: మీ ఊళ్ళో పరుగెత్తడాన్ని ఏమంటారు? చిన్నప్పుడు ఎవరి మీద పందెం కాశారు, ఎక్కడ పరుగెత్తారు? వాళ్ళు చెప్పిన మాటలు చెప్పినట్టే రాసుకోండి, సరిదిద్దకండి.

5. ఇంట్లో పెద్దవాళ్ళని ఒకరిని వెంట పెట్టుకుని బయటికి వెళ్ళండి. అయిదు నిమిషాలు నడిచాక, అరవై లెక్కపెట్టేంతసేపు పరుగెత్తుతూ ఈ రోజు బడిలో జరిగింది ఒకటి చెప్పండి. ఏ మాట దగ్గర ఊపిరి ఆగిందో గుర్తుపెట్టుకుని, ఇంటికి వచ్చాక ఆ వాక్యం పూర్తిగా రాయండి. ఊపిరి ఆగిన చోట ఒక చుక్క పెట్టండి. మీ వెంట వచ్చిన పెద్దవాళ్ళ వాక్యం కూడా రాయండి, వాళ్ళ చుక్క ఎక్కడ పడిందో చూద్దాం.